మీ రద్దు రద్దయింది

డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. పొద్దున్నే క్లినిక్ తలుపు తీసి, పరికరాలు ఆవిరి పెట్టెలో పెట్టి, అవి శుభ్రపడేలోపు ఆమె రోజూ చేసే పని ఒకటుంది. రోగులు పడుకునే పెద్ద కుర్చీలో తానే వెనక్కి వాలి, ఫోన్‌లో 'మీట' తెరుస్తుంది. 'మీట' టెక్నాలజీ వార్తల సైటు. కొత్త ఫోన్లు, పెద్ద కంపెనీల గొడవలు, ఎవరో ఇంట్లో కూర్చుని రాసి, ఎవరైనా కాపీ చేసుకుని మార్చుకునేలా అందరికీ ఉచితంగా వదిలేసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు, ఇవీ అందులో వచ్చే సంగతులు. వార్తలు ఒక మోస్తరుగా ఉంటాయి. వాటి కింద పాఠకులు రాసే వ్యాఖ్యలే అసలు సరుకు. ఆ వ్యాఖ్యల్లో కూడా జనం వెతుక్కుని మరీ చదివేవి 'పన్నుపోటు' అనే పేరుతో వచ్చేవి.

ఆ పన్నుపోటు మన డాక్టరమ్మే. సైటులో ఎవరికీ తెలియదు. సగం మంది ఆమెను పన్నుల శాఖలో ఆఫీసరనుకునేవారు. ఒకాయన మర్యాదగా, "సార్, రిటర్నులు ఎప్పుడెప్పుడు వేయాలో కాస్త చెబుతారా?" అని అడిగితే, "రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్షుతో" అని జవాబిచ్చింది. ఆయనకు అర్థం కాలేదు గానీ, అర్థమైనవాళ్ళు కూడా నవ్వుకున్నారే తప్ప రాసిందెవరని ఆరా తీయలేదు.

మడతపెట్టే ఫోను వచ్చిందన్న వార్త కింద, "మా ఇంట్లో ఉతికిన బట్టలు కుర్చీ మీద కొండలా పడున్నాయి. వాటిని మడతపెట్టే ఫోను వచ్చినప్పుడు కబురు చేయండి" అని రాసింది. మాట్లాడే ఫ్రిజ్ వచ్చిందంటే, "మా ఇంట్లో ఇప్పటికే అందరూ మాట్లాడుతున్నారు. వినే ఫ్రిజ్ ఉందా?" అంది. ఒక ప్రసిద్ధమైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము రాసేవాళ్ళు ఏదో బటన్ రంగు దగ్గర మాటా మాటా అనుకుని రెండు జట్లుగా విడిపోయినప్పుడు ఆమె రాసింది చాలామంది ఒకరికొకరు పంపుకున్నారు: "వేరుకాపురం పెట్టాక కూడా గిన్నెలన్నీ ఇద్దరి ఇళ్ళలోనూ పూర్తిగా ఉండడం ఒక్క ఓపెన్ సోర్స్‌లోనే కుదురుతుంది."

ఈ రహస్యం తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె ఆడపడుచు. క్లినిక్ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని, ఫోన్లు ఎత్తి, రోగులకు వేళలు ఇచ్చేది ఆవిడే. చిన్నప్పటి నుంచి ఇంటిల్లిపాదీ ఆవిడను 'గంట' అంటారు. గుసగుసగా చెప్పిన మాట కూడా వీధి చివరికి వినిపించే గొంతు. అలాంటి గొంతు దగ్గర ఇన్నాళ్ళూ గుట్టు ఎలా నిలిచిందో డాక్టరమ్మకే ఆశ్చర్యం.

గంట బల్ల మీదున్న కంప్యూటరులో 'వరస' అనే ప్రోగ్రాము ఉండేది. అపాయింట్‌మెంట్లు రాసుకోవడానికి, రోగులకు ఫోనుకు సందేశాలు పంపడానికి పనికొస్తుంది. అదీ ఓపెన్ సోర్సే. ఎవరో ఒక్కరే రాసి, ఊరికే ఇచ్చేశారు. క్లినిక్ తెరిచిన కొత్తలో చేతిలో డబ్బు ఆడక దాన్ని పెట్టుకున్నారు, తర్వాత అలవాటై వదల్లేకపోయారు. పని చేసేది. కాకపోతే దాని మాట తీరు మాత్రం వింత. కొత్త రోగి పేరు రాయగానే, "ఈ రోగి కరుస్తుందా?" అని అడిగేది. జవాబు ఇవ్వకపోతే ముందుకు కదిలేది కాదు.

"వదినా, ఇది మళ్ళీ కరుస్తుందా అంటోంది. ఏం పెట్టను?" అని గంట ముందుగదిలోంచి కేకేసేది.

"ఎవరికి?"

"బ్యాంకు మేనేజరుగారికి."

"అవునని పెట్టు. పోయినసారి నా వేలు పట్టుకున్నాడు."

ఆ బ్యాంకు మేనేజరుగారు ముందుగదిలోనే, గంట ఎదురుగానే కూర్చుని ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఒకరోజు పొద్దున ఒక డ్రైవింగు మాస్టారు అపాయింట్‌మెంట్ రద్దు చేయమని ఫోన్ చేశాడు. గంట ఆ పని మీద కూర్చుంది. ఎంత తిప్పలు పడ్డా ఆయన జాబితాలోంచి పోలేదు. పోకపోగా ఇద్దరయ్యాడు. డాక్టరమ్మ కూడా వచ్చి బటన్లు నొక్కి చూసి, విసుగెత్తి, లోపలికి వెళ్ళి కుర్చీలో వాలి 'మీట' తెరిచింది. సరిగ్గా ఆ పూటే అందులో చిన్న వార్త: 'వరస' కొత్త వెర్షన్ విడుదల. దీన్ని రాసినవాడు దొరికాడు అనుకుంది. ఆమె వేళ్ళు ఆగలేదు.

"ఈ 'వరస' మా దగ్గర చాలాకాలంగా ఉంది. అపాయింట్‌మెంట్ రద్దు చేయాలంటే ముందు మనిషి పేరు నొక్కాలి. ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'మార్చు' నొక్కితే ఇంకో కిటికీ. అక్కడ తేదీ చెరిపితే మూడో కిటికీ వచ్చి, 'మీరు ఈ రద్దును రద్దు చేయకూడదని అనుకోవడం లేదా?' అని అడుగుతుంది. కింద మూడు బటన్లు: అవును, కాదు, రద్దు. అవును నొక్కితే మనిషి ఉండిపోయాడు. కాదు నొక్కితే ఇద్దరయ్యాడు. రద్దు నొక్కితే కిటికీ పోయింది, మనుషులిద్దరూ మిగిలారు. దీన్ని రాసినాయన ఊరికే ఇస్తున్నాడు, కాదనను. మా ఎదురింటాయన కూడా తన పాట ఊరికే వినిపిస్తాడు."

మధ్యాహ్నానికి ఆ వ్యాఖ్య సైటంతా తిరిగింది. పాఠకులు తలా ఒక చెయ్యి వేశారు. 'రద్దు రద్దు' అని ఒకరు, 'కాదని అనుకోకూడదని కాదు' అని ఒకరు, ఎదురింటాయన పాట ఏ రాగమని ఇంకొకరు. డాక్టరమ్మ ఒక్కో రోగికీ మధ్య ఫోను తీసి చూసుకుని మురిసిపోయింది. పన్ను నింపుతూ తనలో తాను నవ్వుకుంటుంటే, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న పెద్దమనిషి కంగారుగా కళ్ళు తిప్పాడు.

సాయంత్రం క్లినిక్ మూసే వేళకు ఆ వ్యాఖ్య కింద ఒక జవాబు వచ్చింది. పేరున్న చోట 'వరస రాసినవాడు' అని ఉంది.

"చదివాను. ఎదురింటాయన పాట ఆపేశాడు. ఈ వెర్షన్ ఆఖరిది. కోడ్ అక్కడే ఉంటుంది, గొంతు ఉన్నవాళ్ళెవరైనా అందుకోండి."

డాక్టరమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. జవాబు బాగుంది, అదే ఇబ్బంది. తిట్టి ఉంటే తిరిగి నాలుగు అనేది. ఫోను తీసుకెళ్ళి గంటకు చూపించింది.

గంట చదివి, మామూలుగా ఉండే గొంతు కాస్త తగ్గించి, "పాపం వదినా" అంది. "నువ్వు రాసింది చదివి నేనూ పడీ పడీ నవ్వాననుకో. కానీ ఈయన మనల్ని ఎప్పుడైనా ఏమైనా అడిగాడా?"

"జోకేసినంత మాత్రాన ఆపేయాలా? వేసేవాళ్ళు వెయ్యి వేస్తారు."

"నువ్వు వెయ్యి మందిలా వేయవుగా. నువ్వు వేస్తే తగులుతుంది."

అది మెప్పుకోలో దెప్పిపొడుపో డాక్టరమ్మకు తేలలేదు. ఇంటికి వెళ్ళాక 'క్షమించండి' అని రాయబోయింది. రాసిన ప్రతి వాక్యం చివర్లో ఏదో ఒక చమత్కారం దానంతట అది వచ్చి కూర్చుంటోంది. చెరిపేసి, రేపు చూద్దాంలే అనుకుంది.

రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది. ఈలోగా గంట కంప్యూటరులోని 'వరస' తనంతట తాను కొత్త వెర్షన్‌కు మారిపోయింది. ఎవరూ గమనించలేదు.

ఆ మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చేసరికి క్లినిక్ బయట మెట్ల మీద జనం. ముందుగదిలో బెంచీలు నిండి, కొందరు గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు. అందరూ తెలిసిన మొహాలే, కానీ చాలాకాలంగా కనబడని మొహాలు. అందరి మధ్యా గంట లేచి నిలబడి, "ఒక్కొక్కరు! ఒక్కొక్కరు!" అని అరుస్తోంది.

"ఏమిటే ఇదంతా?"

"ఇప్పటిదాకా మన దగ్గర అపాయింట్‌మెంట్ రద్దు చేసుకున్నవాళ్ళందరూ వదినా. ఒక్కళ్ళు మిగల్లేదు."

దర్జీ ఒకాయన తన ఫోను ముందుకు చాపాడు. ఈసారి గంట రాయకుండా 'వరస' తనంతట తానే క్లినిక్ పేరున పంపిన సందేశం అందులో ఉంది. "మీ రద్దు రద్దయింది. రేపు ఉదయం రోగికి మేత పెట్టకుండా, తాడు కట్టి తీసుకురండి."

పక్కనే ఒకావిడ, భర్త మోచెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడి, "ఎన్నో ఏళ్ళుగా నేను ఇదే అంటున్నాను డాక్టరుగారూ, ఈయన్ని తాడు కట్టి లాక్కొస్తే తప్ప పళ్ళ డాక్టరు దగ్గరికి రాడని. మీరే నోరు తెరిచి రాసి పంపారు. తాడు దొరకలేదు, చేత్తోనే తెచ్చాను, ఫరవాలేదా?" అంది.

భర్త గొణిగాడు. "మేత కూడా పెట్టలేదు."

గదంతా ఘొల్లుమంది. అదృష్టం ఏమిటంటే ఎవరికీ కోపం రాలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి రాకుండా తప్పించుకు తిరిగినవాళ్ళకు ఎలాగూ లోలోపల కాస్త బెరుకుంటుంది; తప్పు తమదేనేమో అనుకుని వచ్చేశారు. కానీ కుర్చీ ఒక్కటే, డాక్టరమ్మకు చేతులు రెండే. పైగా గంట బల్ల దగ్గర్నుంచి ఇంకో కేక వేసింది.

"వదినా, ఇది ఆగట్లేదు! మధ్యాహ్నానికి రమ్మని ఇంకో విడత పంపుతోంది!"

ఇద్దరూ కంప్యూటరు మీద పడ్డారు. ఆపడానికి బటన్ లేదు. 'సహాయం' అని ఒక మూల చిన్న అక్షరాలు కనిపిస్తే డాక్టరమ్మ నొక్కింది. ఇన్నేళ్ళలో ఆమె ఎప్పుడూ దాన్ని తెరిచి చూడలేదు. అందులో ఉన్నది కొంచెమే: "పని ఆగిపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఆవు దగ్గర ఉన్నాననుకుని మళ్ళీ చేయండి."

"ఆవు దగ్గరేమిటి?" అంది గంట.

డాక్టరమ్మకు అప్పుడు తట్టింది. మేత, తాడు, కరుస్తుందా. "ఈయన పశువుల డాక్టరే! తన ఆసుపత్రికి రాసుకున్నదాన్ని అందరికీ ఇచ్చాడు. మనం ఇన్నాళ్ళూ మనుషుల్ని పశువుల చిట్టాలో రాశాం."

ఫోన్ చేసి, చేతులు ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. మూడోసారికి అటువైపు ఎత్తారు. మగ గొంతు, ఆయాసపడుతోంది.

"చెప్పండి, గట్టిగా చెప్పండి. ఇక్కడ దూడ పుట్టబోతోంది."

"నేను పళ్ళ డాక్టర్ని. మీ 'వరస' మా రోగులందరికీ రమ్మని సందేశాలు పంపుతోంది. ఎలా ఆపాలో తెలియట్లేదు."

"అయ్యో. రద్దయినవాళ్ళకా?"

"వాళ్ళకే."

"అయితే పాత తప్పే. 'కాదు' ఒకటి ఎక్కువైంది. సరే, కంప్యూటరు ముందు ఎవరున్నారు?"

"మా ఆడపడుచు."

"అమ్మా, పైన కుడివైపు పళ్ళచక్రం బొమ్మ ఉంటుంది, అది నొక్కండి."

"నొక్కాను!" అంది గంట. ఆ గొంతుకు అటువైపు ఆవు అంబా అంది.

"ఇప్పుడు 'సందేశాలు' అని ఉంటుంది. దాని పక్కన... ఆగాగు, కాళ్ళు కనబడుతున్నాయి. లాగు! మెల్లిగా! ఇంకాస్త లాగు!"

గంట ముందూ వెనకా చూడలేదు. బల్ల కిందికి వంగి, చేతికందిన తీగ పట్టుకుని లాగేసింది. కంప్యూటరు ఆరిపోయింది. దానితోపాటు గదిలో దీపాలూ ఆరిపోయాయి.

"లాగాను!"

"మిమ్మల్ని కాదమ్మా, ఇక్కడ మనిషిని!"

కిటికీలోంచి వచ్చే వెలుగులో ముందుగదిలోని జనమంతా ఫోను చుట్టూ చేరారు. ఎవరి పన్నూ ఎవరికీ గుర్తులేదు. అటువైపు గసపెడుతున్న శబ్దం, కాళ్ళు జారుతున్న శబ్దం, ఎవరో "వస్తోంది, వస్తోంది" అంటున్నారు. తాడు దొరకని ఆవిడ భర్త చెయ్యి వదిలేసి రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. కాసేపటికి తడిబట్ట నేలమీద పడ్డట్టు చప్పుడు. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ తర్వాత సన్నగా, గొంతు ఇంకా పెగలని ఒక అరుపు.

"పెయ్యదూడ," అన్నాడు పశువుల డాక్టరు. "బాగానే ఉంది."

క్లినిక్‌లో చప్పట్లు మోగాయి. దర్జీ ఈల కూడా వేశాడు. అటువైపు ఆయన, "అక్కడ ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగాడు.

"మీరు పిలిచినవాళ్ళందరూ ఉన్నారు" అంది డాక్టరమ్మ.

ఆయన నవ్వాడు. దీపాలు వెలిగించుకుని, కంప్యూటరు మళ్ళీ పెట్టాక, ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పి సందేశాలు ఆపించాడు. ఆయన చెప్పే పద్ధతికి గంట కూడా తడబడలేదు. పని అయ్యాక డాక్టరమ్మ స్పీకరు తీసేసి, ఫోను చెవికి పెట్టుకుని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"డాక్టరుగారూ, మీకు ఒక మాట చెప్పాలి. 'మీట'లో మీ మీద ఆ వ్యాఖ్య రాసింది నేనే. పన్నుపోటు."

అటువైపు నీళ్ళ చప్పుడు; చేతులు కడుక్కుంటున్నట్టున్నాడు. చప్పుడు ఆగింది.

"మీరా? నేను పన్నుల ఆఫీసరనుకున్నాను. భయపడి నా లెక్కలు కూడా ఒకసారి తిరగేసి చూసుకున్నాను."

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "నవ్వించాలని రాశాను. మీరు ఆపేస్తారనుకోలేదు. తప్పయింది."

"పాట మాట వదిలేయండి, దానికి నాకూ నవ్వొచ్చింది. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ఇంకా నవ్వుతోంది." అన్నాడాయన. "కష్టమెక్కడంటే, మీరన్నది నిజం. కోడ్ రాయడం వచ్చు గానీ నాకు మాట రాయడం రాదండీ. రద్దు చేయాలా అని అడగాలంటే నాకు చెమటలు పడతాయి. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట 'కాదు' పుట్టుకొస్తుంది. ఇన్నేళ్ళూ జనం 'పనిచేయట్లేదు' అని ఒక్క ముక్క రాసి పంపేవారు. ఏది నొక్కితే ఏమైందో ఎవరూ చెప్పలేదు. మొదటి కిటికీ, రెండో కిటికీ, ఏ బటన్‌కు ఏమవుతుంది అని విడమరిచి రాసింది మీరొక్కరే. అది ఎగతాళి అయిపోయింది గానీ, నిజానికి నాకు వచ్చినవాటిలో మంచి ఫిర్యాదు అదే."

వ్యాఖ్యల్లో డాక్టరమ్మకు ఎప్పుడూ ఇలాంటి జవాబు రాలేదు.

"అయితే మాటలు నేను రాయనా?" అంది.

"బదులుగా ఇవ్వడానికేమీ లేదు నా దగ్గర."

"నేను అడిగానా?"

అలా మొదలైంది. ఆ రోజు తిప్పి పంపగలిగినవాళ్ళను పంపి, ఉండిపోయినవాళ్ళను సాయంత్రందాకా చూసింది. చేతులు పడిపోతున్నా ఆమె మనసు హుషారుగా ఉంది.

తర్వాతి వారాల్లో పొద్దుటిపూట పెద్ద కుర్చీలో వాలి ఆమె 'మీట' చదవడం తగ్గించింది. 'వరస'లోని కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరిచి, అందులోని వాక్యాలు మార్చి రాసి ఆయనకు పంపేది. 'రద్దు చేయమంటారా?' అని ఒకటే ప్రశ్న, కింద రెండే బటన్లు: 'చేయండి', 'వద్దు, ఉంచండి'. గంట అది చూసి, "ఇంతేనా? దీనికా ఇన్నాళ్ళు ఏడిపించాడు!" అంది. రోగి మనిషా, పశువా అని ముందే అడిగే కిటికీ ఒకటి పెట్టించారు. మనిషి అంటే కరవడం గురించిన ప్రశ్న రాదు. గంట మాత్రం ఆ ప్రశ్న ఉంచమని పట్టుబట్టింది. "మనకు పనికొస్తుంది వదినా" అంది. ఉంచారు, పళ్ళ డాక్టర్లకు మాత్రం.

తప్పులు దొర్లినప్పుడు వచ్చే సందేశాల దగ్గర డాక్టరమ్మ చెయ్యి తిరిగింది. గడిచిపోయిన తేదీ వేస్తే: "ఇది నిన్నటి తేదీ. నిన్నటికి వెళ్ళగలిగితే మేమూ కొన్ని పనులు సరిచేసుకునేవాళ్ళం." ఒకే వేళకు ఇద్దరిని రాస్తే: "ఈ కుర్చీలో అప్పటికే ఒకరున్నారు. ఒడిలో కూర్చోబెట్టమంటారా?" పేరు రాయకపోతే: "పిలవడానికి ఏదో ఒకటి కావాలి. 'ఇదిగో, మిమ్మల్నే' అంటే గదిలో అందరూ లేస్తారు."

పశువుల డాక్టరు తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఓపెన్ సోర్స్ పద్ధతి ప్రకారం ఆమె పంపిన ప్రతి మార్పు కిందా తన అభిప్రాయం రాసేవాడు, అదీ అందరికీ కనబడేలా. మొదటిదాని కింద, "చాలా బాగుంది. సగానికి తగ్గించండి" అని రాశాడు. డాక్టరమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. ఆమె వాక్యం మీద ఎవరూ ఎప్పుడూ కత్తెర పెట్టలేదు. "నా వాక్యంలో ఒక్క ముక్క తీసినా కూలిపోతుంది" అని జవాబు రాసింది. "కూలితే మా దగ్గర పలుపుతాళ్ళున్నాయి, కట్టుకుందాం" అని ఆయన రాశాడు. ఆమె సగానికి తగ్గించింది. తగ్గించాక ఇంకా బాగుందని తనకే అనిపించింది గానీ ఆ మాట ఆయనకు చెప్పలేదు.

కొత్త వెర్షన్ వచ్చింది. 'మీట'లో వార్త పడింది, "పాట మళ్ళీ మొదలు" అని శీర్షిక పెట్టి. డాక్టరమ్మ ఆదరాబాదరాగా వ్యాఖ్యలు తెరిచింది. అన్నిటికంటే పైన ఎవరో 'పాత చార్జరు' అనే ఆయన రాసింది ఉంది: "సాఫ్ట్‌వేర్ ఉచితం, జోకులూ ఉచితం. జోకులు మాత్రం వెనక్కిచ్చే సదుపాయం ఉందా?"

దాని కింద నవ్వులే నవ్వులు. డాక్టరమ్మ ఆ పూటంతా ముభావంగా పనిచేసింది. గంట తలుపు సందులోంచి తొంగి చూసి, "ఏం వదినా, పన్నుపోటా?" అంది.

"నోరు మూసుకో."

"అలా అనడం నీకు అలవాటు లేదుగా, నోరు తెరవమనే కదా అంటావు."

డాక్టరమ్మ నవ్వకుండా ఉందామని ప్రయత్నించింది, కుదరలేదు. మధ్యాహ్నం ఫోను తీసి ఆ వ్యాఖ్య మళ్ళీ చదివింది. జోకు బాగానే ఉంది. 'పాత చార్జరు'కు ఒక మెప్పు గుర్తు నొక్కి, ఏ జోకులు బాగాలేవో, ఏ కిటికీలోవో చెప్పమని అడిగింది. ఆయన సాయంత్రానికల్లా పొడుగాటి చిట్టా పంపాడు. అందులో మూడొంతులు సబబుగానే ఉంది. మిగతా వంతు మీద ఇద్దరూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఒకరోజు పశువుల డాక్టరు ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"డాక్టరుగారూ, జనం కావాలని తప్పులు చేస్తున్నారు."

"అంటే?"

"మీ సందేశాలు చదవడానికి. ఒక కంటి ఆసుపత్రిలో గుమాస్తాలు పోటీలు పెట్టుకుంటున్నారట, ఎవరు ఎక్కువ రకాల తప్పులు చేస్తారని. ఇంకో చోటినుంచి ఒకాయన, 'ఇంకా దొరకనివి ఎన్ని ఉన్నాయి? ఏం చేస్తే వస్తాయి?' అని ఉత్తరం రాశాడు. కుక్కల ఆసుపత్రి ఒకదానిలో ముప్ఫయ్యో ఫిబ్రవరికి పన్నెండు కుక్కలున్నాయి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. స్పీకరు లేకపోయినా విన్న గంట ముందుగదిలోంచి, "మనమూ వేద్దాం వదినా, ముప్ఫయ్యో ఫిబ్రవరికి ఏం వస్తుంది?" అని అరిచింది.

"మీకు నవ్వులాటగా ఉంది," అన్నాడాయన, తానూ నవ్వుతూనే. "నాకేమో ఫిర్యాదులు. పని నడవట్లేదని కాదు, మరీ సరదాగా నడుస్తోందని. యజమానులు రాస్తున్నారు. సందేశాలు కాస్త చప్పగా మార్చరూ?"

"చప్పగా రాయడం నాకు రాదు."

"నాకు వచ్చు. అదే కదా మొదటి నుంచీ గొడవ."

ఆ మాట దగ్గర ఇద్దరికీ ఒకేసారి ఆలోచన తట్టింది. మొదటిసారి తప్పు చేస్తే ఆమె రాసిన సందేశం వస్తుంది. అదే తప్పు వెంటనే మళ్ళీ చేస్తే ఆయన రాసింది, పొడిగా: 'తేదీ సరిచేయండి.' మూడోసారి కూడా చేస్తే ఏం రావాలన్నది మాత్రం తేలలేదు. ఆమె నాలుగైదు రాసి పంపింది. అన్నిటినీ ఆయన తిప్పికొట్టాడు. ఇవి చదవడానికి నాలుగోసారి కూడా తప్పు చేస్తారన్నాడు. రెండు రోజులు గడిచాక, ఆయనే ఒకటి రాసి పంపాడు. జీవితంలో మొదటిసారి తాను పంపిన దాని కింద, 'మీరు చూసి చెప్పండి' అని బెరుగ్గా రాశాడు.

"ఇక్కడ ఇంక చదవడానికేమీ లేదు. తల ఎత్తి చూడండి, ఎవరో నొప్పితో కూర్చుని ఉన్నారు."

డాక్టరమ్మ ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. ఎక్కడైనా ఒక అక్షరం తీయొచ్చేమో, ఒక మెరుపు కలపొచ్చేమో అని చూసింది. చేయి పెట్టడానికి సందు లేదు. 'ఇలాగే ఉంచండి' అని రాసి, ఒప్పుకున్నట్టు నొక్కింది.

అది గంట కంప్యూటరులోకి వచ్చిన పూట, రోగులెవరూ లేని వేళ చూసి, గంట నిన్నటి తేదీ వేసింది. నవ్వింది. మళ్ళీ వేసింది. మూడోసారి వేసి, తెర మీది మాటలు పైకి చదివింది. చదివి, నిజంగానే తల ఎత్తి చూసింది. గుమ్మంలో ఒక ముసలాయన బుగ్గ పట్టుకుని, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో.

"అయ్యయ్యో, రండి బాబాయిగారూ, కూర్చోండి" అంటూ గంట లేచి కుర్చీ జరిపింది. "వదినా! నొప్పితో ఉన్నారు, ముందు ఈయన్ని చూడు!"

డాక్టరమ్మ చేతికి తొడుగులు వేసుకుంటూ బయటికి వచ్చి, ఆయన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.